రెండో గుట్ట

అల్లుడూ,

తొంభైతొమ్మిది గొర్రెలను వదిలి, తప్పిపోయిన ఒక్కదాని కోసం కాపరి ఎందుకు వెళ్లాడో ఎప్పుడైనా ఆలోచించావా? మందను మందగా చూసేవాడికి ఆ ఒక్కటి కనపడదు గనక.

నీ యంత్రం పుట్టిందీ అందుకే. మందు మోసే వైరస్ గుల్లలను ఒక్కొక్కటిగా పట్టి, విద్యుత్తు గోడల మధ్య అటూ ఇటూ తిప్పి బరువు చెబుతుంది. ఎంతసేపు తిప్పితే అంత నిజం చెబుతుంది. సెకనున్నర తిప్పాల్సినదాన్ని, పని త్వరగా తెమలాలని సెకనులో పదో వంతుకు దించావు. మందున్న నిండు గుల్లలూ మందులేని ఖాళీ గుల్లలూ కలిసిపోయి తెరమీద ఒకే గుట్టయ్యాయి. అన్నీ నిండువేనని రాసేశావు.

ఇదేమిటని నేనడిగితే నలుగురిలో, "మామయ్యా, నువ్వు పంపులు తుడుచుకో, ప్రసంగం ఆదివారం చేద్దువుగాని" అన్నావు. యంత్రంలోంచి గాలి లాగే ఆ పంపులు తుడిచాను. తుడిచాక అదే మందును యంత్రంలోకి ఎక్కించి సెకనున్నర చొప్పున తిప్పాను. రెండు గుట్టలు లేచాయి. ఖాళీ గుల్లలదే ఎత్తు. ఆ కాగితం ఈ ఉత్తరానికే గుచ్చాను.

చెప్పకుండా యంత్రం ముట్టానా? ముట్టాను. ఉద్యోగం పీకేస్తావా? పీకెయ్. దొంగ త్రాసు దేవుడికి అసహ్యమని నా గ్రంథంలో ఉంది, నీ పుస్తకాల్లో లేకపోతే రాసుకో. రేపు ఆసుపత్రిలో ఈ మందు కోసం ఎదురుచూస్తున్న, నడవలేని ఆ పాప ఒంట్లోకి ఎక్కేది నీ సంతకం కాదు, ఈ గుల్లలు. ఆ మందు ఒక్కసారే ఎక్కిస్తారని, రెండోసారి ఒళ్లు ఒప్పుకోదని చెప్పింది నువ్వే.

సాయంత్రం ఐదింటికి నివేదిక పంపుతావట. పంపకు. పంపులు నడుస్తున్నాయి, లోపల గాలి ఊసే లేదు, యంత్రం తూచడానికి సిద్ధంగా ఉంది. కలం కిందపెట్టి లేచి రా, ఇవాళే, ఇప్పుడే, నీ చేత్తో మళ్లీ తూచు.