కనకయ్య మార్చిన హబ్‌లు

ఆగస్టు 3, ఆదివారం

అయిపోయింది! నా తొంభై ఏడు మోడల్ ఫోర్ బై ఫోర్ పికప్‌కి ఆటోమేటిక్ హబ్‌లు తీయించి మాన్యువల్‌వి వేయించాను. పంజాగుట్ట సందులో కనకయ్య షెడ్డులో. ముందు చక్రాల మధ్యలో ఉండే ఈ హబ్ లాక్ అయితేనే ఇంజిన్ బలం ఆ చక్రాలకు అందుతుంది. ఇన్నాళ్లూ లోపల కూర్చుని లివర్ లాగితే చాలు, దానంతట అదే లాక్ అయ్యేది. పాత బండి కదా, ఒక్కోసారి అయ్యేది, ఒక్కోసారి మొరాయించేది. ఇక ఆ గోల లేదు. దిగి, హబ్ మీద డయల్‌ని ఫ్రీ నుంచి లాక్‌కి చేత్తో తిప్పుకోవాలి. అంతే.

కొత్త హబ్‌లు కొలతకి సరిపోలేదు. కనకయ్యకి అరవై ఆరేళ్లు. రెండు రోజులు లేత్ దగ్గర నిలబడి కొంచెం కొంచెంగా అరగదీశాడు. బండి ఇస్తూ, సారూ, దిగి తిప్పుడు మర్శిపోకు, తిప్పకుంటె లోపలి లివర్ ఉట్టి కట్టెనే అన్నాడు. రెండుసార్లు చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. అమీర్‌పేటలో రోజూ నూట ఇరవై మందికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాణ్ణి, నాకు చెక్‌లిస్ట్ చదువుతున్నాడు.

మా ఆఫ్‌రోడ్ గ్రూపులో పన్నెండు బండ్లు. నాది బాగా పనిచేస్తే అందరివీ కనకయ్యకే ఇద్దామని గ్రూపు పెద్ద హనుమత్ప్రసాద్ గారు మాటిచ్చారు. అది చెప్పినప్పుడు కనకయ్య ముఖం చూడాలి!

ఆగస్టు 10

ఈరోజు రాయను.

ఆగస్టు 11, ఉదయం 6:20

రాయకపోతే క్లాసులో నోరు పెగిలేలా లేదు.

నిన్న వికారాబాద్ దాటాక వాగు పక్కన మోకాటి లోతు బురద. డెమో కదా, నా బండే ముందు. లివర్ లాగాను, యాక్సిలరేటర్ తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందువి ఉలకవు, పలకవు. యాక్సిల్ దాకా దిగబడింది. చుట్టూ అందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు. ఏంటండీ ఇది, కొత్త హబ్‌లన్నారుగా అన్నారు హనుమత్ప్రసాద్ గారు. మెకానిక్ చెడగొట్టినట్టున్నాడండీ అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు.

వాళ్లు తాడు తేవడానికి వెనక్కి వెళ్లారు. నేను వంగి చక్రం మీది బురద తుడిచాను. డయల్ ఫ్రీలో ఉంది. రెండో వైపూ ఫ్రీయే. నేను అసలు తిప్పనే లేదు! ఎనిమిదేళ్ల ఆటోమేటిక్ అలవాటు.

అప్పుడైనా కేకేసి చెప్పేస్తే పోయేది. నవ్వేవాళ్లు, నాలుగు రోజులు ఏడిపించేవాళ్లు. నేనేం చేశాను? అటూ ఇటూ చూసి రెండు డయల్సూ లాక్‌కి తిప్పాను. తుడిచిన చోట మళ్లీ బురద పూశాను. ఛీ, రాస్తుంటేనే సిగ్గేస్తోంది. తాడు వచ్చేసరికి బండి సొంతంగా బయటికొచ్చింది. ఇందాక పట్టలేదు, ఇప్పుడు పట్టింది, ఈ పనిని నమ్మలేమండీ అన్నాను. అందరూ తలలూపారు.

ఆగస్టు 13

గ్రూపులో హనుమత్ప్రసాద్ గారి మెసేజ్. పంజాగుట్ట ఆయన వద్దు, పనిలో నిలకడ లేదు, వేరే గ్యారేజీ చూశాను అని. కింద పదకొండు బొటనవేళ్లు. అందులో నాదొకటి.

సంగతి తెలిసి కనకయ్య నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎవరని సంహిత అడిగింది. లోన్ వాళ్లన్నాను. పెళ్లాంతో కూడా అబద్ధమే.

ఆగస్టు 16, శనివారం

ఇక తప్పించుకోలేక బండి తీసుకుని షెడ్డుకి వెళ్లాను. కనకయ్య రెండు హబ్‌లూ విప్పాడు. ఒక్కో ముక్కనీ డీజిల్‌లో కడిగి వెలుతురుకి పట్టి చూశాడు. రెండు గంటలు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతోనే ఆయనకు భయం పట్టుకుంది. తప్పు కనబడితె సరిజేసుకుందు సారూ, కనబడకపాయె, నా చెయ్యే పోయినట్టుంది అన్నాడు.

నేను స్టూలు మీద కూర్చుని ఆయన తెప్పించిన చాయ్ తాగుతున్నాను. అయిపోయినా గ్లాసు దింపలేదు. దిగి తిప్పినవా సారూ అని ఒక్క మాట అడిగితే చెప్పేసేవాణ్ణే. అడగలేదు. ఆయనకి నా మీద అనుమానమే రాలేదు.

ఆగస్టు 24

కనకయ్య కూతురు రవళి ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్ ఆఫీసులో పనిచేస్తుంది. నాయిన వచ్చిన బండ్లను వాపస్ పంపుతుండు, బిగించిన నట్టునే మళ్ల మళ్ల ఇప్పి చూస్తుండు, అన్నం సుత సక్కగ తింటలేడు, మీరన్నా జర ధైర్యం చెప్పుండ్రి సార్, మీ మాటంటె ఆయనకు గురి అంది.

తప్పకుండా అమ్మా అన్నాను. ఏ నోటితో చెడగొట్టాడన్నానో అదే నోటితో.

ఆగస్టు 31, ఉదయం 7:10

గ్రూపులో రాసేశాను. డయల్ తిప్పడం మరిచింది నేనే, కనకయ్య పనిలో లోపం లేదు అని.

7:30

అరడజను నవ్వు బొమ్మలు. భలేవారండీ వివేక్ గారూ, అయినా బండ్లన్నీ ఆ గ్యారేజీకి ఇచ్చేశాం కదా అని హనుమత్ప్రసాద్ గారు. ఆ తర్వాత ఎవరిదో కొత్త టైరు ఫొటో. కనకయ్య మాట ఎవరూ ఎత్తలేదు.

సెప్టెంబర్ 2

క్లాసు ఎగ్గొట్టి షెడ్డుకి వెళ్లి అంతా చెప్పాను. ఫ్రీలో ఉండటం, దొంగచాటుగా తిప్పడం, బురద పూయడం కూడా. కనకయ్య చివరిదాకా విన్నాడు. విని నవ్వాడు. రవళి చెప్పి తోలిందా సారూ అన్నాడు.

కాదు, మా అమ్మ మీద ఒట్టు అన్నాను. గ్రూపులో రాసింది చదివి వినిపించాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకోసమని గంతమంది ముంగట నీ ఇజ్జత్ తీసుకున్నవా, గిసువంటి మనిషిని నేను సూడలే అన్నాడు. మూడోసారి చెప్పేటప్పుడు గట్టిగా అరిచాను. నా తప్పే, నీది కాదు, నమ్మవేంటి అని. ఊకో సారూ, ఊకో, పరేషాన్ గాకు అంటూ నా వీపు నిమిరాడు.

నిమిరించుకున్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

కనకయ్య షెడ్డు ఖాళీ చేశాడు. పానాల పెట్టె రవళితో మా ఇంటికి పంపాడు. మంచోని ఇంట్ల ఉండాలె అన్నాడట.

సంహిత పెట్టెకి బొట్టు పెట్టింది.