పిలిచారు కదా, వస్తున్నాం

అమీర్‌పేట, హైదరాబాద్
20-8-1986

శ్రీయుత సూర్యనారాయణ మాస్టారు గారికి,

అమీర్‌పేట టైలర్ రాజనర్సు చేతులు జోడించి రాసేది. ఇక్కడ నేను, నా కుట్టుమిషను, పిల్లాజెల్లా అందరం బాగున్నాం. అక్కడ మీరు, అమ్మగారు, సముద్రం బాగున్నారని తలుస్తాను.

నేనెవరో గుర్తుకు రాకపోతే ఒక్క సంగతి చెబితే చాలు. మొన్న ఎండాకాలంలో మీరు మాసబ్ ట్యాంక్ ఆఫీసులో పని చూసుకొని, పంజగుట్టలో బస్సు దిగుతుంటే ప్యాంటు వెనక జానెడు చిరిగింది. ఫైలు అడ్డం పెట్టుకొని అమీర్‌పేట దాకా నడిచొచ్చి నా షాపులో దూరారు. నేను కుడుతున్నంతసేపూ నా లుంగీ కట్టుకొని చాయ్ తాగారు. పోయేటప్పుడు, "మా భీమిలి రండి. పిల్లల్ని తీసుకుని తప్పకుండా రండి. గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. రాకపోతే ఊరుకోను" అన్నారు.

వస్తున్నాం సార్.

దసరా సెలవుల్లో సముద్రం చూపిస్తానని మా స్వరూపకు మూడేళ్ళుగా మాటిస్తున్నాను. దసరాకు ఊరందరికీ కొత్తబట్టలు కావాలి, టైలరు ఎట్లా కదులుతాడు? మూడుసార్లూ మాట తప్పాను. ఈసారి పండుగ మర్నాడే బండెక్కుతాం. నేను, మా ఆవిడ రాజమణి, పదకొండేళ్ళ స్వరూప, ఆరేళ్ళ రవీందర్, నలుగురమే. ఓ పది రోజులుంటాం. మా అమ్మ కాంతవ్వను కూడా పిలిచాను. "నీళ్ళు చూసెటందుకు గంత దూరం పోవాల్నా? హుస్సేన్‌సాగర్ ఎండిపోయిందా?" అని, ఇంటికి కావలి ఉంటానంది.

మీ పిలుపు మరవని,
రాజనర్సు

తా.క.: "గాయన మాటవరసకు అన్నడేమో" అంటోంది రాజమణి. మాస్టారు అట్లాంటి మనిషి కాదని గట్టిగా చెప్పాను.


భీమునిపట్నం
1-9-1986

శ్రీ రాజనర్సు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదువుకొని, నమ్మకం కుదరక మళ్ళీ చదువుకొని, మా ఆవిడ అరుణాదేవికి కూడా వినిపించాను. మీరు వస్తానన్నందుకు మాకెంతో ఆనందంగా ఉంది.

అయితే మీ మేలు కోరేవాడిగా కొన్ని సంగతులు దాచకూడదు. మా ఊరి పక్కనే అంత సముద్రం ఉన్నా తాగే నీళ్ళకు మాత్రం కటకట. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు కూడా రానట్టే వస్తుంది. పట్నంలో పెరిగిన పిల్లలు ఏం ఇబ్బంది పడతారోనని నా బాధ. పైగా మా ఆవిడకు ఈ మధ్య మోకాళ్ళ నొప్పులు. మీకు సరిగ్గా వండి పెట్టలేకపోతే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుంది. తర్వాతెప్పుడైనా తీరిగ్గా వస్తే బాగుంటుందేమో ఆలోచించండి. ఆపైన మీ ఇష్టం.

మీ శ్రేయస్సు కోరే,
సూర్యనారాయణ

తా.క.: సముద్రం ఎక్కడికీ పోదు కదండీ.


అమీర్‌పేట
9-9-1986

పూజ్యులైన మాస్టారు గారికి,

మా పిల్లల దప్పిక గురించి అంత దూరాన కూర్చుని బాధపడ్డారు. సొంత మేనమామ కూడా ఇంత ఆలోచించడు. మీరు ఫికర్ చేయకండి సార్. మా దగ్గరా నల్లా రోజు విడిచి రోజే. రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు కొన్నాను, మా వెంటే వస్తాయి.

అమ్మగారి మోకాళ్ళ సంగతి మా పక్క షాపు బాబూ మియాకు చెప్పాను. గుండీలు, దారాలు అమ్ముతాడు, నాకు తోడబుట్టినవాడికంటే ఎక్కువ. వాళ్ళావిడ రబియా దగ్గర పుట్టింటి నూనె ఒకటి ఉంది. సీసాలో పోసి ఇమ్మంటే, "ఉత్త నూనె పంపితే ఏం ఫాయిదా లేదు భయ్యా. చెయ్యి తెలిసినోళ్ళు ఏడు దినాలు రాయాలె" అంది. మీకోసం వాళ్ళు కూడా బయలుదేరుతున్నారు. వాళ్ళిద్దరు, నలుగురు పిల్లలు. ఇప్పుడు మొత్తం పది మందిమి.

సముద్రం ఎక్కడికీ పోదని రాశారు. నిజమే సార్. పిల్లలే పెద్దవాళ్ళయిపోతారు.

మీ దయకు పాత్రుడు,
రాజనర్సు

తా.క.: "మోకాళ్ళ నొప్పులని రాసిండంటే రావద్దన్నట్టే కదా" అంటోంది రాజమణి. మోకాళ్ళ నొప్పులంటే మోకాళ్ళ నొప్పులే కదా సార్! ఆడవాళ్ళకు ఊరికే అనుమానం.


భీమునిపట్నం
18-9-1986

శ్రీ రాజనర్సు గారికి,

మీ ఉత్తరం అందింది. పది మంది అన్న దగ్గర కళ్ళజోడు తుడుచుకుని చూశాను. పదే.

మీ అభిమానానికి ఏమివ్వగలను? మాది రెండు గదుల పెంకుటిల్లు. ఒక గది కురుస్తుంది. రెండో గదిలోకి ఆ నీళ్ళు వస్తాయి. అక్టోబరులో ఈ తీరాన వాయుగుండాలు మామూలు. సముద్రం వైపు పిల్లల్ని పోనివ్వం. ఇంకో సంగతి, మా ఇంట్లో ఉల్లిపాయ కూడా వండం. పది రోజులు చప్పిడి తిండి మీవల్ల అవుతుందా అని మా ఆవిడ ఒకటే దిగులు. ఆవిడ మోకాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నాయి. ఆ విషయమై ఎవరూ శ్రమపడనక్కర్లేదు.

ఇట్లు,
సూర్యనారాయణ

తా.క.: తేళ్ళు కూడా ఉన్నాయి.


అమీర్‌పేట
27-9-1986

దేవుడిలాంటి మాస్టారు గారికి,

మీ ఉత్తరం షాపులో గిరాకీలందరికీ చదివి వినిపించాను. ఇల్లు కురుస్తుందని కూడా దాచకుండా చెప్పుకునే మనుషులు ఈ కాలంలో ఉన్నారా అని అందరూ మెచ్చుకున్నారు.

పెంకుల మీద కప్పడానికి టార్పాలిన్ కుట్టేశాను. మీ గదుల కొలత తెలియదు కనుక కొంచెం పెద్దగానే కుట్టాను. తిండి విషయం బాబూ మియాను అడిగితే, "దస్ దిన్ పప్పు తింటే మనిషి చస్తడా భాయ్? మాస్టర్ సాబ్ ఇజ్జత్ ముఖ్యం" అన్నాడు. తేళ్ళకు కూడా రబియా దగ్గర ఏదో మందు ఉందట. వాయుగుండం అంటే ఏమిటని పిల్లలు అడిగారు, చెప్పాను. అప్పటి నుంచి అది తప్పకుండా రావాలని ఎల్లమ్మకు మొక్కుకుంటున్నారు.

ఇంత పట్టు ఎందుకంటారా? మొన్న రాత్రి స్వరూపతో, "బిడ్డా, ఈసారి నిజంగనే సముద్రానికి పోతున్నం" అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "సరే బాపూ" అని తల ఊపి లెక్కల పుస్తకం తిప్పుకుంది. షాపులో నేను "రేపు ఇస్తా" అంటే గిరాకీలు అట్లాగే తల ఊపుతారు. నా బిడ్డ నన్ను నమ్మడం మానేసింది మాస్టారూ. నాకు అన్నం సయించలేదు.

పద్నాలుగున బండెక్కి, పదిహేనున మీ గుమ్మంలో ఉంటాం.

మీ కుటుంబంలోని వాడు,
రాజనర్సు

తా.క.: "తేళ్ళున్నయని రాసినంక సుత పోతరా?" అంటోంది రాజమణి. భూమ్మీద తేళ్ళు లేని ఊరేది సార్?


భీమునిపట్నం
11-10-1986
(కార్డు)

శ్రీ రాజనర్సు గారికి,

ఎంతో విచారంతో రాస్తున్నాను. ఎస్.ఆర్. నగర్‌లో ఉన్న మా బావమరిది మమ్మల్ని ఉన్నపళంగా హైదరాబాదు రమ్మన్నాడు. ఇల్లు తాళం వేసి ఉంటుంది. మీరు దయచేసి బయలుదేరవద్దు.

తొందరలో,
సూర్యనారాయణ

తా.క.: మీ టార్పాలిన్ చూసే అదృష్టం మాకు లేదు.


అమీర్‌పేట, మీ ఇల్లు
17-10-1986

సోదరుడు రాజనర్సు గారికి,

కేరాఫ్ మా ఇల్లు అని రాసి పంపుతున్న ఈ ఉత్తరం మీ చేతికి అందాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. పక్కింటి బుచ్చమ్మ దగ్గర తాళంచెవి ఉంది. వెంటనే అడిగి తీసుకోండి. పిల్లలతో ఎక్కడ తలదాచుకున్నారో ఏమో!

నేను అబద్ధమాడాను. మా బావమరిది రమ్మనలేదు. కార్డు పోస్టు చేశాక మా ఆవిడ, "మీరు రాసిన అబద్ధాన్ని నిజమైనా చేయండి, పాపం సగం తగ్గుతుంది" అంది. రైలెక్కాం. పద్నాలుగున బావమరిది గుమ్మంలో దిగితే, కాఫీ ఇచ్చి, "ఎన్నాళ్ళుంటారు బావగారూ?" అన్నాడు. వారం అన్నాను. రేపటి నుంచి ఇంటికి సున్నాలు వేయిస్తున్నామన్నాడు. గోడకు ఆనుకున్నాను. దసరాకు వేసిన సున్నం ఇంకా చొక్కాకి అంటుకుంటోంది.

పెట్టెతో రోడ్డు మీద నిలబడితే, ఈ మహానగరంలో నాకు తెలిసిన రెండో ఇల్లు మీదే. మేము వచ్చేసరికి మీరు స్టేషనుకు బయలుదేరి గంటైందట. మీ అమ్మగారు మమ్మల్ని ఎగాదిగా చూసి, "మా కొడుకు మీ ఇంటికి పోయె, మీరు మా ఇంటికి వస్తిరి. మీ దిక్కు గిదే పద్ధతా బిడ్డా?" అన్నారు. అవునన్నాను. వెంటనే జొన్నరొట్టెలు, కోడికూర పెట్టారు. ఉల్లిపాయతో సహా తిన్నాం. మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.

మర్నాడు నా కార్డు వచ్చింది. "జర చదువు బిడ్డా" అని కాంతవ్వగారు నా చేతికే ఇచ్చారు. నా అబద్ధాన్ని నేనే పట్టుకుని నిలబడ్డాను. చివరికి, "తప్పకుండా రండి, మీకోసం ఎదురు చూస్తుంటాం" అని చదివాను. "మంచిగ రాసినవ్ బిడ్డా" అని నా తల నిమిరారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇంత సిగ్గు ఏనాడూ పడలేదు.

క్షమించమని అడిగే అర్హత లేని,
సూర్యనారాయణ

తా.క.: రోజుకు పది మంది మీ షాపు ముందుకొచ్చి దీపావళి బట్టలు ఎప్పుడని అడుగుతున్నారు. ఇక అబద్ధం ఆడకూడదని ఒట్టు పెట్టుకున్నాను గనుక, టైలరు ఊళ్ళో లేరని చెబుతున్నాను. నలుగురు తమ గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు.


భీమునిపట్నం, మీ ఇల్లు
20-10-1986

మాస్టారు గారికి,

పది మందిమీ క్షేమం. పదిహేను నాడే ఇంట్లోకి వచ్చాం. డ్రమ్ములు, టార్పాలిన్, ఆరుగురు పిల్లలతో మమ్మల్ని చూడగానే బుచ్చమ్మగారు, "మీరేనేటి ఆ హైదరాబాదోళ్ళు? మీకు బయపడే గదా మా మేస్టారు పారిపోనారు!" అని నవ్వుతూ తాళంచెవి చేతిలో పెట్టింది. ఇల్లు కురవడం లేదు. తేళ్ళూ లేవు. కుళాయి రోజూ వస్తోంది.

మీరు నిజం చెప్పారు కనుక నేనూ చెబుతాను. మీ మొదటి ఉత్తరానికే నాకు సంగతి తెలిసింది. ఇరవై ఏళ్ళుగా రోజుకో సాకు చెప్పి బతుకుతున్న టైలరును. మిషను చెడిందని, కాజాలు కుట్టేవాడు రాలేదని, నేను చెప్పనిది లేదు. మోకాళ్ళ నొప్పులు ఎలాంటివో చూడగానే నాకు తెలియదా? తెలిసే తెలియనట్టు రాశాను. రాజమణి అంటోంది, రాజమణి అంటోంది అని రాసినవన్నీ నా మాటలే. ఆమె ఒక్క ముక్క అనలేదు. మీకు మొహమాటం కలగాలని నేనే కల్పించాను. మీరు మంచివారు కాబట్టి మొహమాటపడతారని తెలుసు, దాన్నే వాడుకున్నాను. నాకు ఇంకో దారి లేదు సార్. సముద్రం పక్కన నాకు తెలిసిన మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే.

మీ వీధి మలుపు తిరిగామో లేదో సముద్రం ఎదురొచ్చింది. రవీందర్ కేకలు పెడుతూ పరుగెత్తాడు. బాబూ మియా చెప్పులు చేతపట్టుకుని అల్లాను తలచుకున్నాడు. స్వరూప మాత్రం కదలలేదు. చాలాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని, "బాపూ, నువ్వు నిజంగనే చెప్పినవా?" అంది. నేను ఏడ్చాను మాస్టారూ, అందరి ముందరే. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నన్ను లేపి నీళ్ళ దగ్గరికి లాక్కుపోతోంది.

మీరు ఆ రోజు ఊరికే అన్న మాటను నేను నిజం చేశాను. తప్పయితే తిట్టండి, పడతాను. ఇరవై నాలుగున బండెక్కుతాం. మేము వచ్చేదాకా కదలకండి, మా పిల్లలు మిమ్మల్ని చూడాలంటున్నారు.

మీ,
రాజనర్సు

తా.క.: గిరాకీలకు నిజం చెప్పకండి సార్, షాపు మూతపడుతుంది. "రేపు రండి" అనండి చాలు. మీలాంటి పెద్దమనిషి చెబితే వాళ్ళు నమ్ముతారు.