సున్న్ అంటే సున్నా

భిలాయి, 1996

కమలా,

మన రాధ చిన్నప్పుడు గెడ్డం చిట్లితే, నొప్పి తెలియకుండా కుట్టిస్తానని నీకు మాట ఇచ్చి తప్పాను. మత్తుసూది వెయ్యకుండానే కుట్టారు. దాని కాళ్ళు నువ్వే పట్టుకున్నావు.

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న రాధ కూతురు చిన్ని సెక్టర్ 7లో సైకిల్ మీంచి పడింది. అదే గెడ్డం. ఈసారి నేను మత్తుమందుల గురించి చదువుకుని ఉన్నాను.

"లోకల్ మత్తు ఇచ్చాకే కుట్టండి" అన్నాను ఆసుపత్రిలో.

డాక్టరమ్మ నవ్వి, పిల్లని తూచి, బరువుకి తగ్గ మందు మెల్లగా ఎక్కించింది. నరం మెదడుకి పంపే నొప్పి కబురుని ఆ మందు దారిలోనే ఆపేస్తుంది. పిల్ల మెలకువగానే ఉంటుంది.

"సున్న్ హో గయా, బేటా?" మొద్దుబారిందా అని ఆవిడ అడిగింది.

"ఏటి తాతా, సున్నాయా?"

"అవునే, నొప్పి సున్నా!"

నాలుగు కుట్లు పడ్డాయి. "లాగుతున్నట్టుంది, అంతే" అంది చిన్ని. ఎవరూ దాని కాళ్ళు పట్టుకోలేదు. గెలిచాం కమలా!

రాధ మాత్రం తన గెడ్డం మీది మచ్చ తడుముకుంటూ గోడవైపు తిరిగి నిలబడింది. పసిపిల్లలకి నొప్పి గుర్తుండదట, మత్తుసూది దండగట! ఆ రోజు ఆ మాటతో నా నోరు మూయించినవాణ్ణి నేనింకా క్షమించలేదు. వాడు ఎవరో కాదు, కాంపౌండర్నని విర్రవీగిన మీ అన్నయ్య అప్పలస్వామే.