ఆల్ఫే అటక కోసం రాసిన చీటీ

గ్రాండ్ ఐల్,
మార్చి 13, 1991.

తమ్ముడు క్లోవిస్‌కు,

అక్క ఓడీల్ దీవెనలు. నేనూ, పొయ్యీ, ముసలి పిల్లీ క్షేమం. ఊరంతా క్షేమమని మాత్రం ఈసారి రాయలేను. నువ్వక్కడ వాటర్‌బరీలో వేళకింత తింటున్నావనే అనుకుంటాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నీ ట్రక్కు అమ్ముడుపోలేదు, మంచు కిందే ఉంది. నది ఇంకా గడ్డకట్టే ఉంది. అమ్మ సమాధి మీద మంచు తీయించాను. ఆల్ఫే ఎలా ఉన్నాడని అడిగావు. ఆల్ఫే పోయాడు, క్లోవిస్. నీ ఉత్తరం వచ్చిన వారానికి పోయాడు. నడుము విరిగినవాడు రెండు చలికాలాలు మంచంలో ఈదాడు, మూడోది ఈదలేకపోయాడు. నేల రాయిలా ఉంది కాబట్టి పెట్టెను చర్చి వెనక గదిలో ఉంచారు. మేలో నేల కరిగాక పాతిపెడతారు.

ఈస్టర్‌లోగా పనిముట్ల పెట్టె అమ్మేయమని రాశావు. గోదాములో ఊడ్చుకుంటూ బతుకుతున్నావు గాని రంపం ముట్టనన్నావు. ఆల్ఫే అటకకు ఏ చెక్క కావాలో నువ్వు రాసిచ్చిన ఆ చీటీ ఇంకొక్కసారి వెతకమని కూడా అడిగావు. "నా చెయ్యి ఏం రాసిందో నా కళ్ళతో చూడాలి" అన్నావు. ఇది నువ్వు ఆరోసారి అడగడం. దొరకలేదని నేను అయిదుసార్లు రాశాను.

చీటీ నా దగ్గరే ఉంది. మొదటినుంచీ నా ప్రార్థన పుస్తకంలోనే ఉంది.

ఆ సెప్టెంబరు నీకు గుర్తుండే ఉంటుంది. అమ్మకు ఆపరేషనని నువ్వు బాంగర్ ఆసుపత్రిలో ఉన్నావు. ఇక్కడ బంగాళాదుంపల తవ్వకం ముంచుకొచ్చింది. తన కొట్టు మీది అటకకు నేల ఎప్పుడు వేస్తారని ఆల్ఫే పూటకోసారి ఫోను చేస్తున్నాడు. అప్పుడు కలప అడితి నుంచి ఫోను వచ్చింది.

"మీ తమ్ముడు రాసిన ప్లైవుడ్డు, నలభై ఎనిమిది బై ఇరవై నాలుగు, అయిపోయిందమ్మా. పది రోజులు పడుతుంది. ముప్ఫై రెండు బై పదహారైతే ఇవాళే పంపిస్తాను" అన్నాడు అక్కడి మనిషి. "పైకప్పుకేగా?" అని కూడా అడిగాడు.

"దూలాలు ఇరవై నాలుగు అంగుళాలకొకటి ఉన్నాయి. ముప్ఫై రెండంటే చాలదేంటి, పంపించు" అన్నాను.

నువ్వు నాకు చెప్పకపోలేదు. ఇదే బల్ల దగ్గర కూర్చుని, పలక మీది ముద్ర చూపించి చెప్పావు. ముందున్న అంకె పైకప్పుకు, వెనకున్నది నేలకు, దూలాల మధ్య అంతకు మించి ఎడం ఉండకూడదని. నేను పెనం మీద ప్లోయ్ అట్లు చూసుకుంటూ సగమే విన్నాను. "అక్కా, నీకు ఫోను తెలుసు గాని చెక్క తెలీదు" అని నువ్వు నవ్వేవాడివి. ఆసుపత్రికి ఫోను చేసి అడిగి ఉండొచ్చు. నీకు అమ్మతోనే సరిపోతోందని చేయలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకూ చెక్క తెలుసని చూపించుకోవాలనిపించింది.

పలకలు దిగినప్పుడు నీ దగ్గర పనిచేసే రోమెయో ఒకటి ఎత్తి చూశాడు. "అక్కా, ఇవి పలచగా లేవూ? క్లోవిస్ అన్నని ఒక మాట అడుగుదామా?" అన్నాడు. "వేసే పని నీది, లెక్క నాది" అని నోరు మూయించాను. నువ్వు తిరిగొచ్చేసరికి నేల వేయడం అయిపోయింది, దాని మీద ఎరువుల బస్తాలు కూడా పేర్చేశారు. పదహారంగుళాల ఎడానికి పనికొచ్చే పలక ఇరవై నాలుగు అంగుళాల మీద ఎంతకాలం ఆగుతుంది? నవంబరులో ఆల్ఫే ఇంకో బస్తా భుజాన వేసుకుని నడిచాడు.

ఆ రోజు విరిగిన ముక్క తిప్పి నువ్వు ముద్ర చదివావు. నీ మొహం నాకింకా కనబడుతోంది. "నేనే తప్పు రాసుంటాను. అమ్మ గొడవలో నా బుర్ర నా దగ్గర లేదు" అన్నావు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు అడితికి వెళ్ళి అడగలేదు. తన మీద తనకే అనుమానం వచ్చినవాడు ఇంకొకరిని ఏం అడుగుతాడు? పలక తప్పు చదవడం తెలివితక్కువతనం. కానీ నోరు విప్పకుండా నిలబడ్డాను చూడు, అది పాపం. నువ్వు బస్సెక్కుతుంటే రొట్టె మూట కూడా కట్టిచ్చాను.

ఆల్ఫే ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల దగ్గర రోమెయో నన్ను ఆపాడు. "నువ్వే చెబుతావని నేను నోరు మూసుకున్నానక్కా. ఇక మనిషే లేడు" అన్నాడు. మూడో రోజు ఆల్ఫే భార్య డెల్వీనా ఇంటికి వెళ్ళాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. అంతా చెప్పాను. పెనం మీదిది మాడుతున్నా ఆమె తీయలేదు.

"రెండేళ్ళు ఆ మంచం పక్కన కూచుని మీ తమ్ముణ్ణి తిట్టుకున్నానే ఓడీల్. చేతిలో జపమాల పెట్టుకుని మరీ తిట్టాను. ఇప్పుడా తిట్లన్నీ ఏం చేసుకోను?" అంది.

మాడుతున్న పెనం నేనే దించాను.

"నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కకు" అంది. నేను తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి, "ఆ అటకకి చిల్లు అట్లాగే ఉంది. మీ తమ్ముడొచ్చి వేస్తే వేయించుకుంటాను. ఇంకెవణ్ణీ ఎక్కనివ్వను" అంది. ఆదివారం చర్చిలో నా వరస వదిలేసి వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆమెను తప్పు పట్టను.

నిన్న అడితికి నేనే వెళ్ళాను. ఫోను చేయలేదు. ఆ అటక ఇరవై నాలుగు అడుగుల పొడవు, ఇరవై నాలుగు వెడల్పు, దానికి పద్దెనిమిది పలకలు. వాళ్ళు నవ్వుకున్నా సరే, ఒక్కొక్కటీ తిప్పించి ముద్ర చదివాను. వెనక అంకె ఇరవై నాలుగు ఉన్నవే తీసుకున్నాను. పొడుగు వైపు దూలాలకు అడ్డంగా వేయాలని కూడా ఇప్పుడు తెలుసు, అయినా ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. మన కొట్టులో తడి తగలకుండా పెట్టాను. నీ పనిముట్ల పెట్టె వాటి మీదే ఉంది. అమ్మలేదు, అమ్మను.

రమ్మని అడగను. మేలో ఆల్ఫేని దించేటప్పుడు వస్తే, ఇంట్లో నేను కనబడకూడదంటే ముందే కబురు పంపు. ఆ వారం ఇంకెక్కడైనా ఉంటాను.

చీటీ దీనితో పాటే పంపుతున్నాను. మడత దగ్గర చిరిగింది, జాగ్రత్తగా విప్పు. కింద పెన్సిలుతో కొట్టేసి మార్చింది నేను. పైన నీలం సిరాతో ఉన్నది నీ చెయ్యి. చూసుకో. నువ్వు సరిగ్గానే రాశావు.

ఇట్లు,
నిన్ను నీకే తప్పుగా చూపించిన
నీ అక్క,
ఓడీల్