బొట్టు పెట్టిన గాజు

అక్టోబర్ 20, 1996

ఒళ్ళు మండిపోతోంది. ఆయుధపూజ అని ఓనరు రామలింగేశ్వరరావు గారు ఫర్నేస్‌కు బొట్టు పెట్టారు, క్రేన్‌కు పెట్టారు, ఆఫీసు ఫోనుకూ పెట్టారు. సరే. టెలిస్కోప్ అద్దం కోసం కడిగి ఆరబెట్టిన ఏడు గాజు ముక్కలకు కూడా పెట్టాలా? అదీ ఒకదానికొకటి అతుక్కోవలసిన అంచులమీద! ఫర్నేస్‌లో ఆ ఏడూ మెత్తబడి ఒకే దిమ్మ కావాలి. మధ్యలో దుమ్మున్నా అతుకు నిలవదు. ఈ పాఠం మాకు చెప్పింది ఆయనే!

ముక్కలు కడిగే ముత్యమ్మ తుడవబోయింది. ఆయన అరిచారు. పెట్టిన బొట్టు చెరుపుతావా, మొగుడు పోయినదానివి, నీకేం తెలుసు దాని విలువ అన్నారు. అందరి ముందూ. ముత్యమ్మ బట్ట పిండి తీగమీద ఆరేసి వెళ్లిపోయింది.

షిఫ్టు ఇన్‌చార్జిని నేను. తుడవాల్సిందే సార్ అన్నాను. నాగరత్నం గారూ, మీరు కూడానా అన్నారు. బొట్లతోనే లోపలికి పెట్టించారు.

అక్టోబర్ 29

ఫర్నేస్ మెల్లగా చల్లారుతోంది. నేను చల్లారలేదు.

నవంబర్ 4

దిమ్మ బయటికి తీస్తుండగానే టప్‌మంది. మూడు అతుకులు విడిపోయాయి. విడిన చోటల్లా బొట్టంత గుండ్రంగా బుడగలు. గుడ్డివాడికైనా తెలుస్తుంది.

ఆయనగారికి తెలియలేదు. ముండమోపి చెయ్యి పడ్డాక ఇంకేం నిలుస్తుంది అన్నారు. ముత్యమ్మ రేపటినుంచి రానక్కర్లేదట. ఛీ!

ముత్యమ్మ కిష్టారెడ్డిపేట ఆటో కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. నా చెయ్యి గంత చెడ్డదైతే ఇన్ని దినాల సంది కడిగిన గాజంత ఎట్ల నిలిచిందమ్మా అని అడిగింది. ఇగ నన్నెవరు పనిల పెట్టుకుంటరు అని కూడా. నాకు ఏడుపొచ్చింది.

నవంబర్ 6, మధ్యాహ్నం

ఆర్డరిచ్చిన సైంటిస్టు వచ్చాడు. ఈ గుండ్రటి మచ్చలేమిటన్నాడు. బొట్లండీ అన్నాను. ఎవరు పెట్టారన్నాడు. పక్కనే ఉన్న ఓనర్ని వేలెత్తి చూపించాను. ముత్యమ్మను తీసేసిన సంగతీ చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ!

పాత దిమ్మలన్నీ బాగున్నాయి, వాటి ముక్కలు కడిగిన మనిషే కావాలి, లేకపోతే ఆర్డర్ క్యాన్సిల్ అన్నాడు.

నవంబర్ 11

ముత్యమ్మ వచ్చింది. పొరపాటైంది అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు. శుక్రవారం కొత్త ముక్కలకు పూజ ఉందని మాత్రం చెప్పారు. ఏం మనిషండీ బాబూ!

నవంబర్ 15, శుక్రవారం

కుంకుమ భరిణె కనిపించడం లేదని ఓనరు ఫ్యాక్టరీ అంతా వెతుకుతున్నారు. ముత్యమ్మ గాజు కడుగుతోంది. ఆమె కొంగుకు ఏదో బరువుగా ముడివేసి ఉంది.

మీరేమైనా చూశారా అని నన్నడిగారు. లేదండీ అన్నాను.