లెక్కకు రెండో గొంతు

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి చిన్నికి,

అమ్మ దీవిస్తూ రాసేది. ఇక్కడ మేం కులాసా, నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. మీ నాన్న మాత్రం నిజంగానే కులాసా. ఇప్పుడే భోంచేసి, పేపరు మొహమ్మీద కప్పుకుని, చదువుతున్నానంటూ గుర్రు పెడుతున్నారు. నా కులాసా సంగతి అడక్కు. ఆ మాట చెయ్యి అలవాటుగా రాసేసింది, అంతే. మూడు రోజులుగా నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నిలబడినదాన్ని, కోసిన కడుపుల పక్కన నిలబడి మర్నాటి డ్యూటీలు వేసినదాన్ని, ఇవాళ పొద్దున ఫోను మోగితే స్టవ్ మీద పాలు వదిలేసి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. భయమేస్తోంది చిన్నీ. ఆ సంగతికే వస్తున్నాను. ముందు నువ్వడిగినవాటికి జవాబు చెప్పేస్తే కాస్త ఊపిరి తీసుకున్నట్టుంటుంది.

నాన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటున్నారు, కాకపోతే నెత్తిన. వంటింటి కిటికీ తలుపు బాగుచేయించాం. చేసిన మనిషి బోల్టు తిరగేసి బిగించాడు, అందుకని ఇప్పుడు బయటివాళ్లు తీసుకోవచ్చు గాని మనం తీసుకోలేం. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన శాలువా బావుంది, రంగు మాత్రం మీ నాన్నకే నప్పేలా ఉంది.

ఇక ఆ ఇంగ్లీషు మాట. ‘బుల్లీ’ అంటే ఏమిటో రాయమని నేనో ముక్క అడిగితే నువ్వు పేజీన్నర రాశావు. నిఘంటువుల ఆఫీసులో పనిచేసే కూతుర్ని కన్నందుకు అనుభవించాలిగా. ‘బుల్’ అంటే ఆంబోతు కదా, నేనది అందులోంచి పుట్టి ఉంటుందనుకున్నాను. కాదట కదా. నాలుగైదు వందల ఏళ్ల కిందట అది ముద్దుపేరట. బంగారూ, ప్రాణమా అన్నట్టు ప్రేమించినవాళ్లని పిలుచుకునే పిలుపట. డచ్చివాళ్ల దగ్గర్నుంచి వచ్చి ఉండవచ్చు, అక్కడ ప్రియుడనీ అన్నదమ్ముడనీ అర్థం అని రాశావు. తర్వాత ‘భలేవాడు’ అయిందట, ఆ తర్వాత డాబుసరి కొట్టేవాడు, చివరికి తనకంటే బలంలేనివాళ్లని ఏడిపించుకు తినేవాడు. ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. ముద్దు చేసిన మాటే ఏడిపించే మాట అయ్యేలోపు ఎన్నో మలుపులు తిరిగిందనీ, ఏ మలుపు దగ్గరా ఎవరూ నిలబడి చూడలేదని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను.

ఇంకో సంగతి కూడా అడిగావు. మీ ఆఫీసులో ఆ మాటకి సరైన తెలుగు దొరక్క మూడు రోజులుగా వాదులాడుకుంటున్నారని, ‘రౌడీ’ అంటే వీధిలో కనిపిస్తున్నాడనీ, ‘దౌర్జన్యపరుడు’ అంటే కర్ర పట్టుకొచ్చినట్టుందనీ, కుర్చీలో కూర్చుని కళ్లతోనే ఆ పని చేసేవాళ్లని మనవాళ్లు ఏమంటారమ్మా అనీ. చివర్న, ‘ఇంతకీ ఆ మాట ఏ సిస్టర్ని అన్నారు?’ అని. ఈ రెండింటికీ జవాబు ఒక్కటే, చివర్లో చెబుతాను. నీకు తెలుసు, నేను చేదు మందు ముందు పోసేదాన్ని. ఈసారి నా వల్ల కావడం లేదు.

పన్నెండు రోజుల కిందట మా దగ్గర ఒక బస్సు డ్రైవరుకి కడుపు ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్లో రక్తం అద్దడానికి మెత్తటి గుడ్డముక్కలు వాడతాం, వాటిని మాప్‌లంటాం. కట్టకి ఐదు. కడుపు కోసేముందు లెక్కపెడతాం, కుట్టేముందు లెక్కపెడతాం, అంతా అయ్యాక ఇంకోసారి. లెక్క ఎప్పుడూ ఒక్కళ్లు పెట్టకూడదు. ఇద్దరు, విడివిడిగా కళ్లతో చూసి, పైకి వినబడేలా అంకె చెప్పాలి. ఒక గొంతు పొరబడితే రెండో గొంతు పట్టుకుంటుందని. ఆ రోజు మొదటి గొంతు పిచ్చుకది.

పిచ్చుక సంగతి నీకు ఎప్పుడో రాశాను. రెండేళ్ల కిందట వార్డు నుంచి మా థియేటర్‌కి మార్చారు. నలభైకి దగ్గర పడింది, ఇద్దరు పిల్లల తల్లి, సన్నటి మనిషి, సన్నటి గొంతు. మొదటి రోజు ఆ గొంతు వినే నేను ‘పిచ్చుకా, ఇటు రా’ అని పిలిచాను. అప్పట్లో ముద్దుగానే పిలిచాను, ఒట్టు. ఆమె కూడా నవ్వింది. ఎప్పట్నుంచి నవ్వడం మానేసిందో నేను గమనించలేదు.

మాప్ ఒకటి తగ్గిందని ఎవరైనా చెబితే అక్కడికక్కడే పని ఆపి వెతకాలి. అది అన్ని ఆస్పత్రుల్లోనూ ఉన్న నియమం. దానికి నేను సొంతంగా ఒక తోక తగిలించాను. లెక్క తగ్గిందని చెప్పినవాళ్లు మర్నాడు పొద్దున అందరి ముందూ ఒకటి నుంచి వంద దాకా పైకి లెక్కపెట్టాలి, ఒకటో తరగతి పిల్లల్లాగ. అలా చేస్తే జాగ్రత్త వస్తుందని నా ఉద్దేశం. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. పిచ్చుక నాలుగుసార్లు అలా వంద లెక్కపెట్టింది. నాలుగుసార్లూ మాప్ నిజంగానే తగ్గింది, నాలుగుసార్లూ ఆమె చెప్పబట్టే దొరికింది. ఈ సంగతి నాకు మొన్న రిజిస్టరు తిరగేస్తే తెలిసింది.

ఆ రోజు రెండో గొంతు నాది. కడుపు కుట్టబోతున్నారు. నేను తర్వాతి కేసు సామాన్లు రాలేదని ఫోన్లో ఎవరినో ఝాడిస్తున్నాను. గోడవైపే తిరిగి ఉండి ‘సరిపోయిందా?’ అని అరిచాను. జవాబు రాలేదు. ఫోను చేత్తో మూసి, ఇటు తిరిగి ఆమె మొహంలోకి చూశాను.

‘సరిపోయింది మేడం. ఇరవై’ అంది.

‘ఇరవై’ అన్నాను నేను. ఆ మాప్‌లు పెట్టిన పళ్లెం వైపు కన్నెత్తి కూడా చూడలేదు చిన్నీ. సంతకం పెట్టేశాను.

నాలుగో రోజున ఆయనకి జ్వరం వచ్చింది, కడుపు ఉబ్బింది. ఎక్స్‌రే తీస్తే, అందులో కనబడటానికనే మాప్‌లో కుట్టే నీలిదారం తెల్లటి గీతలా కనిపించింది. మళ్లీ కోసి తీశారు. అప్పట్నుంచి మనిషి ఐసీయూలో ఉన్నాడు. ఇవాళ పొద్దున వచ్చిన ఫోను ఆ కబురే. జ్వరం ఒక్క గీత దిగిందట, ఇంకా ఏమీ చెప్పలేమన్నారట. ఆయన భార్య బయట బల్లమీద కూర్చుని ఉంటుంది, ఆయన చెప్పులు సంచిలో పెట్టుకుని. నన్ను చూస్తే లేచి నిలబడుతుంది. ‘మీరున్నారు కాబట్టి ధైర్యంగా ఉన్నానమ్మా’ అంటుంది. ఆమె నమస్కారం పెట్టే దారి తప్పించుకుని నాలుగు రోజులుగా వెనక మెట్లమీంచి వెళ్తున్నాను. మీ అమ్మ దొంగదారిన పోతుందని ఎప్పుడైనా అనుకున్నావా?

రేపు పదింటికి విచారణ. పిచ్చుక ముందే కాగితం రాసిచ్చేసింది, లెక్క తనే తప్పు చెప్పాననీ హెడ్ సిస్టర్‌కి, అంటే నాకు, ఏ సంబంధం లేదనీ. నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ నన్ను పిలిచి అది చదివి వినిపించింది. ‘నీకింకా పద్నాలుగు నెలల సర్వీసే. నోరు మూసుకుని కూర్చో, ఆవిడ రాసిచ్చిందిగా’ అంది. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హాయిగా అనిపించింది. గుండెల మీంచి బండ దించినట్టు అనిపించింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మొదటిసారి నన్ను చూసి నాకే భయమేసింది.

నిన్న పొద్దున పిచ్చుక ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తు, రెండు గదులు. తలుపు తీసి నన్ను చూడగానే తడిచేతులు వెనక్కి దాచుకుంది. పిల్లలిద్దరూ నేలమీద పుస్తకాలు పరుచుకుని ఏదో గొడవ పడుతున్నారు. ఆమె ఇలా వేలెత్తిందో లేదో, గప్‌చిప్‌గా లోపలికి పోయారు.

‘కూర్చోండి మేడం.’

‘నువ్వూ కూర్చో.’

‘పర్లేదు మేడం.’

తన ఇంట్లో తను నిలబడే ఉంది. నేను పెద్ద మాటలు ఏవేవో అనుకుని వెళ్లాను. చివరికి వేరే సంగతి అడిగాను. నెలన్నర కిందట సలహాల పెట్టెలో పేరులేని చీటీ ఒకటి పడింది, మా థియేటర్ గురించి. అది పిచ్చుక పనేనని నేను మనసులో తీర్మానించేసుకుని, అప్పట్నుంచి ఆమెని ఇంకా ఎక్కువగా కాల్చుకు తిన్నాను.

‘ఆ చీటీ నువ్వే కదూ వేసింది?’

‘ఏ చీటీ మేడం?’

‘అదే, బుల్లీ అని రాసి...’

‘నేను కాదు మేడం, పిల్లల మీద ఒట్టు. అయినా ఆ మాట నాకు తెలీదు. అంటే ఏంటి మేడం?’

పేజీన్నర అర్థం నా సంచిలోనే ఉంది, నీ ఉత్తరం. సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

‘ఆ రోజు పంతొమ్మిదే ఉన్నాయని నీకు తెలుసా?’ అన్నాను.

‘తెలుసు మేడం. రెండుసార్లు లెక్కపెట్టాను.’

‘మరి చెప్పవేం?’

‘చెబుదామనే నోరు తెరిచాను.’ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేలచూపులు చూసింది. ‘మీరు ఇటు తిరిగారు.’

అంతే అంది. కోపంగా అనలేదు, నిష్ఠూరంగా కూడా అనలేదు. వాన వచ్చిందని చెప్పినట్టు చెప్పింది. తప్పంతా నీ మీద ఎందుకు వేసుకున్నావంటే, ‘ఇద్దరి ఉద్యోగాలూ పోవడం ఎందుకు మేడం, మీరు పెద్దవారు’ అంది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది కూడా. మెట్లు దిగుతుంటే వెనక పిల్లల గొడవ మళ్లీ మొదలైంది. నేను వెళ్లానని వాళ్లకి తెలిసింది.

ఇంటికి వస్తూ దారంతా నీ గురించే ఆలోచించాను. నీకు ఎనిమిదేళ్లప్పుడు ఇస్త్రీపెట్టె మణికట్టుకి తగిలి కాలింది. మూడు రోజులు, అంత ఎండల్లో పొడుగు చేతుల గౌను వేసుకుని తిరిగావు. నాలుగోరోజు మీ టీచరు కబురు పంపితే గాని నాకు తెలియలేదు, నర్సునయ్యుండీ. ఆ సంగతి నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను, ‘మా చిన్నికి ఎంత ఓర్పో చూడండి, కిక్కురుమనలేదు’ అని. చెప్పిన ప్రతిసారీ గర్వంగా చెప్పాను. నిన్న మాత్రం బస్టాపులో నిలబడి, అది ఓర్పేనా అని మొదటిసారి అనుకున్నాను. ఆ వేళ నువ్వూ చెబుదామనే వచ్చావేమో. నేను ఇటు తిరిగానేమో.

కాబట్టి నీ రెండు ప్రశ్నలకీ ఇదిగో జవాబు. ఆ మాట నన్నే అన్నారు. తోటి సిస్టర్ని ఎవరో అన్నారని నీకు అబద్ధం రాశాను. ఇక తెలుగు మాట అంటావా, ఒక్క మాటలో నాకూ తోచలేదు. మీ ఆఫీసు పెద్దవాళ్లు ఒప్పుకుంటే ఇలా రాసుకోండి: ‘ఎదుటివాళ్లు నిజం చెప్పబోయి మానేసేలా చేసే మనిషి’. పొడుగైందంటే నీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించు, ఆ ‘చెప్పబోయి’ అన్నది మాత్రం తియ్యకు.

నిన్న సాయంత్రం కూర్చుని రేపు విచారణలో ఇవ్వాల్సిన కాగితం రాశాను. నేను లెక్కపెట్టకుండా ఇరవై అన్నానని, చూడకుండా సంతకం పెట్టానని, పిచ్చుకకి నోరు రాకుండా చేసింది నా వందలెక్కేనని. ఉద్యోగం పోవచ్చు. డ్రైవరుకి ఏమన్నా అయితే ఇంతటితో కూడా ఆగదు. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు, నిద్ర లేచాక చెబుతాను. రాసిన కాగితం ఇప్పటికి మూడుసార్లు చించబోయాను. పిరికిదాన్ననే మాట నాకు ఈ వయసులో తెలిసింది. రేపు విచారణవాళ్ల ముందు కూర్చుని, పిచ్చుక కాగితం వాళ్లు చదువుతుంటే, హాయిగా తల ఊపేస్తానేమోనని నా భయం. ఇప్పుడున్న భయాలన్నిటిలోకీ అదే పెద్దది.

అందుకని ఆ కాగితం ఇంకో ప్రతి రాసి, సంతకం పెట్టి, ఇందులో పెడుతున్నాను. ఈ ఉత్తరం ముగించగానే వీధి చివర పోస్టు డబ్బాలో వేసేస్తాను. అందులో పడ్డాక నేను వెనక్కి తీసుకోలేను. రేపు విచారణ అయ్యాక, అక్కడ నేనేం చెప్పానో వివరంగా రాస్తాను, నువ్వు ఈ కాగితం పక్కన పెట్టుకుని సరిచూడు. లెక్క ఎప్పుడూ ఒక్కళ్లు పెట్టకూడదు చిన్నీ. రెండో గొంతు నీది. తగ్గితే తగ్గిందని చెప్పు, నేనెలా చూసినా సరే.

ఆ కాలిన చెయ్యి సంగతి కూడా రాయి.

ఇట్లు,
నీ జవాబుకి భయపడుతూ ఎదురుచూసే
అమ్మ