మెట్లెక్కిన మేక

నవంబరు 12, మంగళవారం

మహారాజశ్రీ దర్శక శిఖామణి, కార్టూన్ సినిమాల పితామహుడు, ఒకప్పటి నా మొగుడు గారి సముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అక్కా క్షేమం. నువ్వు క్షేమంగా లేవని పేపర్లో చూశాం కాబట్టి ఆ సంగతి అడగను.

పైన పెట్టిన బిరుదులు నేను తగిలించినవి కావు. నీ ఉత్తరం కాగితం మీద నువ్వే అచ్చు వేయించుకున్నావు. పితామహుడివట! పిల్లలే లేనివాడికి మనవలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో నాకు అర్థం కాలేదు. మీరు అని రాద్దామని పెన్ను తీశాను గానీ, చిరిగిన బనీనుతో బల్ల ముందు కూర్చుని ముక్కు గోక్కునే మనిషి కళ్ళముందు మెదిలాడు. చెయ్యి రాలేదు. నువ్వు అనే రాస్తాను, సర్దుకో.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళకి నీ చేతిరాత కనబడేసరికి అక్క కంగారుపడి ఎవరైనా పోయారా ఏమిటే అంది. ఎవరూ పోలేదు, మా ఆయన పరువు పోయేలా ఉంది, అందుకు రాశాడని చెప్పాను. మా మరిదికి వయసు మీద పడింది గానీ బుద్ధి మాత్రం దరిదాపులకి రాలేదే అని కాఫీ కలపడానికి లోపలికి పోయింది. నీ మీద ఆవిడ అభిప్రాయం ఎప్పుడూ అదే.

మొదటి పేజీలన్నీ నీ గొప్పలే. నీ సన్మానాలు, నీ శిష్యులు, నీ పుస్తకం. మోకాలి ఆపరేషను కూడా గొప్పే, ఎందుకంటే కోసిన డాక్టరు నీ అభిమాని. అసలు సంగతి ఆఖరి పేజీ అడుగున, చోటు చాలక అంచుల్లోకి ఎక్కించి రాశావు. చివరి నడక నేనే గీశానని నీకు తెలుసు కదా, ఆ ఒక్క మాట పత్రికవాళ్ళకి చెప్పు అన్నావు. దయచేసి అని ముందు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశావు. ఆ కొట్టివేత చూసి చాలాసేపు నవ్వుకున్నాను. అడుక్కోవడంలో కూడా నీకు బెట్టే.

ఆ పత్రిక అమ్మాయి నాకు ముందే ఫోన్ చేసింది. అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మన సినిమాకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట. సినిమా బడివాళ్ళు వాళ్ళ హాలుకి నీ పేరు పెడదామనుకున్నారట. సరిగ్గా ఆ సమయానికి నువ్వు ఎవరికో ఇంటర్వ్యూ ఇస్తూ, మేక మెట్లెక్కే ఆఖరి నడక గీసింది నేనే, మా ఆవిడ కాదు అని సెలవిచ్చావట. ఇక చూడు! ముసలాయన పెళ్ళాం పనిని కాజేస్తున్నాడని ఊరూవాడా దుమ్మెత్తిపోస్తున్నారు. నీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు కూడా ఫోనెత్తడం లేదట కదా. హాలు గుమ్మానికి తగిలించాల్సిన బోర్డు గోడవైపు తిప్పిపెట్టి ఉందట. నేను అవునంటే ఎక్కిస్తారు, కాదంటే చెక్క అరగదీసి ఇంకెవరి పేరో రాస్తారు. అంటే ఇన్నాళ్ళూ నువ్వు కూడబెట్టుకున్న పేరంతా ఇప్పుడు నా నాలుక చివర ఉందన్నమాట. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

జనం నిన్ను నమ్మకపోవడంలో తప్పేముంది? మన పద్ధతి ఆ రంగంలో అందరికీ తెలుసు. కింద లైటు వెలిగే గాజుబల్లకి ఇటు నువ్వు, అటు నేను. నీ కుక్కను గీసి కాగితం నావైపు జరిపేవాడివి. దానిమీద ఇంకో కాగితం పెట్టి, నీ కుక్క ఎటు చూస్తోందో కనిపెట్టి, దానికి తగ్గట్టు నా మేకను గీసేదాన్ని. నీ కుక్కను నేను ముట్టను, నా మేకను నువ్వు ముట్టవు. ఒకసారి మేక గడ్డం వంకరపోయిందని నువ్వు రబ్బరు తీస్తే నీ వేళ్ళమీద స్కేలుతో కొట్టాను. ఆ కథ నువ్వే మీటింగుల్లో నవ్వుతూ చెప్పుకున్నావు. మేక వెంట్రుక కూడా ముట్టనివ్వని మనిషి, ఆఖరి నడక అంతా ఆయన చేతికి ఎలా వదిలేస్తుందండీ అని ఆ అమ్మాయి నన్నే అడిగింది. తెలివైన పిల్ల. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

పైగా నువ్వు ఈ ఒక్క విషయం చెప్పి ఊరుకుంటే ఎవరైనా ఆలోచించేవారేమో. నీ నోట్లో నువ్వుగింజ ఎప్పుడు నానింది గనుక? "తెర వెనుక విశేషాలు" అని ఎవరో పనిలేనివాళ్ళు పెద్ద వ్యాసం రాశారు. అక్క కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివింది. విన్నకొద్దీ నాకు ఒళ్ళు మండింది.

మేక స్వభావం పట్టుకోవడానికి మనం నెలల తరబడి మందల వెంట తిరిగామట. నువ్వు! వీధిలో కుక్కపిల్ల ఎదురైతే నా వెనక దాక్కునేవాడివి. మనం చూసిన ఒకే ఒక్క జంతువు బల్లమీది అద్దంలో కనబడేది. మూతి ముడవడం, కళ్ళెర్రజేయడం, దవడ ఆడించడం, అన్నీ ఆ అద్దంలో చూసుకునే గీశాం. కుక్క దవడలు వేలాడేది నీ దవడలు వేలాడతాయి కాబట్టి. అది విశేషాల్లో లేదేం మరి?

కుక్క మొరుగుడు కోసం మహా గాయకుణ్ణి పిలిపించావట. మన ఫిడేలాయనకి జలుబు చేసి దగ్గుతుంటే, మైకు ఆపడం మరిచిపోయారు. అదీ మొరుగుడు. పాపం ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ, నా వాయిద్యం ఎవరికీ గుర్తులేదమ్మా, నా దగ్గే అందరికీ ఇష్టం అని వాపోయేవాడు.

అన్నిటికంటే గోడ సంగతి మరీ విడ్డూరం. లిఫ్టు పక్కన ఆకుపచ్చ గోడ సగం సినిమాలో నీలంగా మారిపోతుంది కదా. అది మేక మనసులోని విషాదానికి ప్రతీక అని ఎవరో పండితుడు రాస్తే, నువ్వు గంగిరెద్దులా తల ఊపావట. ఏ విషాదమయ్యా? పచ్చరంగు సీసాకి మూత పెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పెట్టలేదు. రంగు ఎండి రాయైంది. కొట్టు మూసేశారు, ఇంట్లో మిగిలింది నీలం. ఒక మనిషి బద్ధకం మీద ఎన్ని వ్యాసాలు వచ్చాయో చూడు.

ఇంతకీ మనం తీసింది ఏముంది? టోపీ పెట్టుకున్న కుక్క లిఫ్టు నడుపుతుంది. మేక పై అంతస్తుకి వెళ్ళాలంటుంది. జంతువులకు ప్రవేశం లేదు పొమ్మంటుంది కుక్క, తనేదో మనిషైనట్టు. మేక పెట్టెలో దూరుతుంది, పూలకుండీలో మొక్కలా నిలబడి ఆకలేసి తన వేషం తనే తినేస్తుంది, లావుపాటి దొరసాని మెడకి బొచ్చు కండువాలా చుట్టుకుని వస్తుంది. చివరికి కుక్క అలసిపోయి, టోపీ తీసి, వంగి వంగి లిఫ్టు తలుపు తెరుస్తుంది. మేక దాన్ని ఎగాదిగా చూసి, మూతి తిప్పుకుని, మెట్లెక్కి పోతుంది. ఏడు నిమిషాలు. పిల్లలు అన్నం తినడానికి మారాం చేస్తే చూపించే బొమ్మలు. దీనికి పితామహుడట, హాలట, బోర్డట.

అయినా జనానికి ఆ ఆఖరి నడక అంటే పిచ్చి. మేక ప్రతి మెట్టు మీదా ఆగుతుంది. ముఖం తిప్పదు. ఒక్క చెవి మాత్రం వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ తల ఎగరేసి ఇంకో మెట్టు ఎక్కుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఎంత పొగరుగా ఆగుతుందండీ మీ మేక అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నన్ను ఆపి మెచ్చుకుంటారు. నేను పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని వింటూ నిలబడతాను.

నా పేరు తెరమీదికి ఎలా వచ్చిందో నీకు గుర్తుందో లేదో. నువ్వు టైటిళ్ళు రాయించుకొచ్చిన రోజు, నీ పేరు నిలువెత్తు అక్షరాల్లో ఉంది. నా పేరు కాంటీను వాళ్ళ పేరు పక్కన, సహకారం అనే మాట కింద ఉంది. మేకను గీసినదాన్ని సహకారమా అని అడిగితే, ఇంట్లోవాళ్ళకి పేరెందుకు, జనం నవ్వుతారు అన్నావు. సంచీలో నాలుగు చీరలు కుక్కుకుని అదే మేడలో పైనున్న అక్క ఇంటికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత నిర్మాత కల్పించుకుని, కుక్క ఆయనది, మేక ఆవిడది అని విడివిడిగా వేయించాడు. అప్పుడు నీ మొహం కందగడ్డలా అయిందని ఫిడేలాయన చెప్పాడు. ఆ మాట ఇప్పుడు నీకే అడ్డం పడింది. మేక ఆవిడది అని తెరమీద ఉంటే నడక నీదని ఎవడు నమ్ముతాడు?

నాకు చిన్న పేరు వేయడానికి నీకు చెయ్యి రాలేదు. ఇప్పుడు నీ పేరు నిలబెట్టమని నన్ను అడగడానికి సిగ్గు కూడా రాలేదు. నువ్వంటే నాకు కోపం పోయి చాలా కాలమైంది. చులకన మాత్రం అలాగే ఉంది, ఏ మాత్రం తరగలేదు.

ఉత్సవానికి నేను రాను. పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీయించుకోవాలని చూడకు. కారు పంపిస్తానన్నావు, అక్కర్లేదు. అక్క ఒక్కతే వస్తానంటోంది, భోజనాలు బాగుంటాయని. ఆవిణ్ణి ఆపను. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో, అభిమాని డాక్టరు ఆ సంగతి చెప్పి ఉండడు.

ఇట్లు,
నీ పెన్సిళ్ళు చెక్కిపెట్టడం మానేసినందుకు ఏనాడూ బాధపడని
ఒకప్పటి నీ భార్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఇది రాయకుండా పంపిస్తే నేనూ నీలాగే అవుతాను.

పొద్దున ఆ పత్రిక అమ్మాయికి ఫోన్ చేశాను. ఆఖరి నడక ఆయనే గీశాడు, ఒక్క గీత కూడా నాది కాదు అని చెప్పాను. నీ బోర్డు నువ్వు ఎక్కించుకోవచ్చు.

మీకెలా తెలుసండీ, ఆయన గీస్తుంటే చూశారా అని అడిగింది. నేను వెళ్ళిపోయేనాటికి ఆ సీను ఇంకా మొదలే కాలేదని చెప్పాను. మనం రాసుకున్న కథలో మేక లిఫ్టెక్కి దర్జాగా పైకి పోవాలి. మెట్లు లేవు, నడక లేదు. సినిమా విడుదలైన రోజు హాల్లో, చీకట్లో, అందరితోపాటే మొదటిసారి చూశాను. కుక్క టోపీ తీసి తలుపు తెరిచింది. మేక మెట్లవైపు తిరిగింది. హాలంతా పగలబడి నవ్వుతోంది. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

ఎందుకంటే సంచీ పట్టుకుని నేను బయటికొచ్చినప్పుడు, నువ్వూ వెనకే వచ్చి నోరు మెదపకుండా లిఫ్టు తలుపు తీసి పట్టుకున్నావు. నీ మొహం చూసి మూతి తిప్పుకుని మెట్లెక్కాను. అన్ని అంతస్తులు నడిచి వస్తే అక్క తలుపు తీసి, లిఫ్టు పాడైందా ఏమిటే అంది.

ఇన్నేళ్ళూ ఎవరు మెచ్చుకున్నా అది నాది కాదని ఎందుకు చెప్పలేదండీ అని ఆ అమ్మాయి అడిగింది. నాది కాదంటే ఎలా తెలుసంటారు, అది చెబితే ఆ మేక నేనేనని చెప్పాలి, ప్రతి మెట్టు మీదా ఎందుకు ఆగానో కూడా చెప్పాలి అన్నాను. అదంతా పొగరని జనం అనుకుంటున్నారు, అనుకోనీ అనుకున్నాను. ఇది కూడా రాయమంటారా అంది. రాసుకోమన్నాను.

నాకు నీతో ఒక్కటే పేచీ ఉంది, అది టైటిళ్ళ గురించి కాదు. ఎక్కడ ఆగానో, ఎంతసేపు ఆగానో, ఎటు చెవి పెట్టానో అంతా ఉన్నదున్నట్టు గీశావు. అంటే కిందనుంచి చూస్తూనే ఉన్నావు. ఎందుకు ఆగుతున్నానో కూడా నీకు తెలుసు. ఒక్కసారి పిలిస్తే దిగి వచ్చేదాన్ని కదయ్యా.